వాల్యూమ్ తగ్గితే

అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ళందరి బాధా ఒకటే. వాల్యూమ్ తగ్గించగానే టోన్ పల్చబడిపోతుంది, ఉప్పు తక్కువైన పప్పులా. సరే అని బాస్ పెంచుతాం. అదే సెట్టింగ్‌తో మర్నాడు రిహార్సల్‌లో గట్టిగా వాయిస్తే అంతా గుమగుమలాడే మోత, పక్కన బాస్ వాయించేవాడు గుర్రుగా చూస్తాడు.

ఇందులో సగం చెవి చేసే పని. శబ్దం చిన్నదయ్యేకొద్దీ ముందుగా జారిపోయేవి మంద్రస్వరాలేనని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. మిగతా సగం ట్యూబ్ ఆంప్‌ది. పవర్ ట్యూబుల్ని గట్టిగా తోమితేగానీ ఆ చిక్కటి డిస్టార్షన్ రాదు. బోస్టన్ బ్యాండ్ టామ్ షోల్జ్ అందుకే పవర్ సోక్ తయారుచేశాడు: ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య కూర్చుని కొంత పవర్ తాగేస్తుంది. ట్యూబుల గొడవ తీరుతుంది. చెవిది తీరదు కదా! అందుకే స్టేజి టోన్‌ని స్టేజి వాల్యూమ్‌లోనే కుదుర్చుకుంటాను, ఇంట్లో పేలవంగా వినిపించినా ముట్టుకోను.

గిటార్ మీది నాబ్ తగ్గిస్తే ఇంకో తంటా, కేబుల్ కెపాసిటెన్స్ ట్రెబుల్‌ని తినేస్తుంది. వాల్యూమ్ పాట్‌కి చిన్న కెపాసిటర్ సోల్డర్ చేయిస్తే చాలావరకు ఆగుతుందిట. నేను చేయించలేదు. నెమ్మది పాటల్లో ఆ మసక నాకిష్టం.