రెడ్డిరాణి అనితల్లి

ఫ్రాన్సు దేశపు ఎలియనోరు చరిత్రను మేము తరగతిలో ఆసక్తితో విన్నాము. 1137లో తండ్రి గతించగా అక్విటేను సీమ ఆమె సొత్తైనది; ఆమెను పరిణయమాడిన వానికి ఆ సీమపై పెత్తనము లభించినది. ఆమె ముందు ఫ్రాన్సుకు, 1154లో ఇంగ్లండుకు రాణి యైనది. ఉర్దూ మిత్రులు వెంటనే రజియా సుల్తానాను తలచిరి. కాని రజియా 1236లో తానే సింహాసనమెక్కినది. ఆమె దారి వేరు. ఎలియనోరుకు సాటి వచ్చు ఆడపడుచు మన గోదావరి తీరముననే కలదు. ఆమె అనితల్లి.

ఆమె తండ్రి కాటయవేముడు కొండవీటి కుమారగిరిరెడ్డికి మంత్రి, ఆ రాజు సోదరి మల్లాంబికకు భర్త, కాళిదాసు నాటకములు మూడింటికి వ్యాఖ్య రచించిన పండితుడు. కుమారగిరి అతనికి రాజమహేంద్రవర రాజ్యమును ఒసగెను. వేముని అనంతరము కలతలు చెలరేగగా అల్లాడరెడ్డి రాజ్యమును కాపాడి, తన కుమారుడు వీరభద్రారెడ్డికి అనితల్లినిచ్చి వివాహము చేసెను. శ్రీనాథుని కాశీఖండము అంకితమందిన వీరభద్రుడు ఇతడే. కావ్యము చదివిన మేమందరమూ భర్తను ఎరుగుదుము.

రాజ్యము చేతులు మారుటకు ఆమె కేవలము ఒక సాధనమేనా? మాలో కొందరు ఔననిరి. కాని 1423 నాటి కలువచేరు శాసనమును ఆమె తన పేరనే ఇచ్చినది. అందులో ఓరుగల్లు పతనము, ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు, అతని కొలువులోని 75 మంది నాయకులు కనిపింతురు. ముసునూరివారి చరిత్ర వ్రాయువారెవరును ఈ రాణిని దాటిపోలేరు. ఒట్టి సాధనమునకు ఇంత జ్ఞాపకశక్తి యుండునా?

మమ్ము మిక్కిలి ఆకర్షించినది ప్రతాపరుద్రుని అంత్యము. 1323లో ఢిల్లీ సేనకు చిక్కిన ఆ రాజు నర్మదా తీరమున మరణించెనని ప్రోలయ నాయకుని విలస శాసనము చెప్పును. ఆ విలస మన కోనసీమ గ్రామమే, అయినవిల్లి చెంతనున్నది. సుమారు నూరేండ్ల పిమ్మట అనితల్లి శాసనము మాత్రము, అతడు తన ఇచ్ఛతోనే దేవలోకమునకు ఏగెనని పలికినది. చెరలోని రాజుకు సైతము ఒక ఇచ్ఛ యుండెనను ఈ మాట, పెద్దలు కుదిర్చిన పెండ్లితో రాణియైన స్త్రీ శాసనమున నిలిచినది. విలస మీదుగా అమలాపురము పోవునపుడు మేము ఈ రెండు శాసనములను గూర్చియే వాదించుకొందుము.