అపు చదువు

2 మే 2021, ఆదివారం. చిలకలగూడ

సత్యజిత్ రాయ్ పుట్టి ఇవాళ్టికి నూరేళ్లు. గాంధీ ఆసుపత్రి వైపు వెళ్లే అంబులెన్సుల మోత ఆగడం లేదు. నిద్ర పట్టక ‘అపరాజితో’ పెట్టుకున్నాను. 1956 నాటి సినిమా. కాశీలో తండ్రి పోయాక తల్లి సర్వజయ అపుని తీసుకుని బంధువుల పల్లె చేరుతుంది. పౌరోహిత్యం ఉంది, తిండికి లోటు లేదు. వాడి మనసు మాత్రం బడి మీద. చదువుకునే తెలివి ఉందని హెడ్మాస్టరు కనిపెట్టి పుస్తకాలు చేతిలో పెడతాడు. అక్కణ్ణుంచి వాడికి ఊరు చాల్లేదు.

13 మే, గురువారం

నిన్నటి నుంచి లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పదింటి దాకే సడలింపు. వెనక వీధి కుర్రాడికి తండ్రి పోయి నెల తిరగకుండానే తల్లీ పోయింది. ఇంటర్ చదువుతున్నాడు. కళ్లనీళ్లు పెట్టడం లేదని అందరికీ భయం.

అపు ఏడుస్తాడు. కలకత్తాలో చదువుకుంటున్న వాడు కబురంది వచ్చేసరికి తల్లి ఉండదు. ఇక్కడే ఉండి కర్మ చెయ్యమంటాడు ఇంటి పెద్దాయన. కలకత్తాలో చేస్తానని, పరీక్షలున్నాయని మూట కట్టుకుని బయల్దేరతాడు. ఆ కొడుకు కలకత్తా ప్రేక్షకులకు మింగుడుపడలేదు, సినిమా ఆడలేదు. 1957లో వెనిస్ వాళ్లు దానికే బంగారు సింహం ఇచ్చారు. నాకూ ఒకప్పుడు వాడు కఠినుడనిపించేవాడు. ఈసారి అనిపించలేదు. ఆగిపోతే వాడు ఆ ఊళ్లో పూజారిగా మిగిలేవాడు, తల్లి దాచిచ్చిన డబ్బుతో మొదలైన చదువు అక్కడే ఆగేది.

30 మే, ఆదివారం

కోవిడ్‌తో తల్లిదండ్రుల్ని కోల్పోయిన పిల్లలకు కేంద్రం నిన్న పథకం ప్రకటించింది. పద్దెనిమిది నిండాక నెలనెలా సాయం, 23 ఏళ్లకు పది లక్షలు. మంచిదే. ఈ జూన్‌లో కాలేజీ ఫీజు ఎవరు కడతారన్నది వేరే ప్రశ్న.

31 మే, సోమవారం

సడలింపు ఒంటిగంట దాకా పెంచారు. కుర్రాడి మేనమామ వచ్చాడు. మోండా మార్కెట్లో తనకు తెలిసిన దుకాణంలో పెడతాడట.

“ముందు కడుపు సంగతి చూడాలె గద సార్, సదువు ఎటు పోతది?” అన్నాడు.

చెడ్డవాడు కాదు. ముగ్గురు పిల్లల తండ్రి, ఆటో తిప్పి రెండు నెలలైంది. కుర్రాడు తల వంచుకుని కూర్చున్నాడు. ఏం చదవాలనుందని వాణ్ణి ఇంతవరకూ ఎవరం అడగలేదు. అడిగాను. “బీకామ్ చేసి సీఏ రాస్త సార్” అన్నాడు, తడుముకోకుండా.

“ఈ ఏడాది ఫీజు నాది, తిండి నీది” అన్నాను మేనమామతో. ఆలోచించి చెప్తానన్నాడు. పథకం దరఖాస్తుకు కావలసిన మరణ ధ్రువపత్రాలు రేపు తెమ్మన్నాను.