మా పొయ్యి వేరు బిడ్డా



ఈ గ్రూపులో చాలా రోజుల నుంచి అందరి పోస్టులు చదువుతున్నాను. రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, కోయగూడెం. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం, హాస్టల్‌లో ఉంటున్నా.

పోయిన వారం క్లాసులో సార్ జనాభా లెక్కల గురించి చెప్పారు. కుటుంబం అంటే ఏంటి, లెక్కల వాళ్ళు ఎవరిని ఒక కుటుంబం కింద రాస్తారు అని అడిగారు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. ఒక తల్లి పిల్లలు అని ఒకరు, ఒక ఇంటి నంబరు అని ఒకరు, ఒక రేషన్ కార్డు అని ఇంకొకరు. సార్ బోర్డు మీద రాశారు: సాధారణంగా కలిసి ఉంటూ, ఒకే వంటగదిలో వండింది తినేవాళ్ళు ఒక కుటుంబం. అంటే ఒకే పొయ్యి. నేను నోట్స్ రాసుకుంటూ పెన్ను ఆపేశాను. ఈ మాట నాకు ఐదేళ్ళ కిందటే ఒక అవ్వ చెప్పింది. ఆ రోజు నేను వినలేదు.

2020 మార్చిలో నేను పదో తరగతి పరీక్షలు రాస్తున్నా. 19న మొదలైనయి. మూడు పేపర్లు అయినయో లేదో పరీక్షలు వాయిదా అన్నారు. ఆశ్రమ పాఠశాల హాస్టల్ ఖాళీ చేయించి ఎవరి ఊర్లకు వాళ్ళను పంపించారు. ట్రంకు పెట్టె అక్కడే వదిలేసి, పుస్తకాలు సంచిలో వేసుకుని వచ్చేశాను. వారంలో మళ్ళీ పోతాం కదా అనుకున్నాం. జూన్‌లో పరీక్షలే రద్దు చేసి అందరినీ పాస్ చేస్తారని అప్పుడు ఎవరికి తెలుసు?

నేను ఊరు చేరేసరికి మా ఊరి బాటకు అడ్డంగా కంప కొట్టి వేసి ఉంది. ఎవరో అధికారులు చెప్తే చేసింది కాదు. గత్తర వచ్చినప్పుడు పాతకాలంలో ఇట్లనే ఊరు మూసేవాళ్ళని తాత చెప్పాడు. బయట నుంచి వచ్చినదాన్ని కాబట్టి నన్ను కూడా నేరుగా ఇంట్లోకి రానియ్యలేదు. పద్నాలుగు రోజులు పశువుల కొట్టం పక్కన మంచం వేసుకుని పడుకున్నా. అమ్మ అన్నం దూరంగా పెట్టి పోయేది. నాకు కోపం వచ్చింది కానీ, అది న్యాయమే.

రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టినప్పుడే ఒక మాట గట్టిగా చెప్పారు. సరుకులు కొనడానికి ఒక ఇంటి నుంచి ఒక్కరే బయటికి రావాలి. మూడు కిలోమీటర్లు దాటి పోవద్దు అన్నది ఇంకో మాట. పట్నంలో ఆ రెండూ సరిపోతాయేమో. మాకు కిరాణం కొట్టు ఉన్న మండల కేంద్రం తొమ్మిది కిలోమీటర్లు. నాయన బండి మీద పోతుంటే దారిలో ఆపి, మూడు కిలోమీటర్ల లోపలే కొనుక్కోవాలి, తెలియదా అన్నారట. నాయన చేతులు కట్టుకుని, "సార్, మూడు కిలోమీటర్ల లోపల మాకు అడివే ఉంది" అన్నాడట. ఆయన నవ్వి వదిలిపెట్టాడు. నాయన ఆ ముచ్చట ఊరంతా చెప్పి నవ్వించాడు గానీ, మళ్ళీ ఆ బాట పట్టలేదు.

బియ్యానికి మాకు కరువు లేదు, ఆ మాట చెప్పాలి. కార్డులో ఉన్న ఒక్కో మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు, కార్డుకు 1,500 రూపాయలు కూడా అన్నారు. కానీ ఒట్టి బియ్యం ఎట్ల తింటాం? ఉప్పు, నూనె, ఉల్లిగడ్డ, ఎండు చేపలు, సబ్బు, ఇవన్నీ మాకు సంతలోనే. మాది సోమవారం సంత. ఇప్పపువ్వు, చింతపండు, చీపుర్లు తీసుకుపోయి అమ్మి, ఆ పైసలతో వారానికి సరిపడా కొనుక్కుని వస్తాం. ఇప్పపువ్వు రాలేది సరిగ్గా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. ఆ ఏడు పువ్వు బాగా రాలింది. తెల్లారకముందే పోయి ఏరుకొచ్చి ఎండబెట్టాం. కానీ సంతలు బంద్. ఇంటి నిండా పువ్వు, చేతిలో రూపాయి లేదు.

అప్పుడు పెద్దమనుషులు, సర్పంచ్ మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేశారు. మండలం నుంచి ఒక వ్యాపారి సోమవారం, గురువారం వ్యాన్‌లో సరుకులు తెచ్చి మూడు బాటలు కలిసే చోట చింతచెట్టు కింద అమ్ముతాడు. మా ఊరు, చుట్టుపక్కల గుంపులు అక్కడికే రావాలి. ఇంటికి ఒక్కరే. ఇంటికి రెండు కిలోల ఉల్లిగడ్డ, ఒక నూనె ప్యాకెట్, కిలో ఉప్పు, అంతకు మించి ఇయ్యొద్దు. ఎవరు ఏం తీసుకున్నారో రాయడానికి ఒకరు కావాలి. పది పరీక్ష రాసిన పిల్ల ఉంది కదా అన్నారు. అట్లా ఆ పుస్తకం నా చేతికి వచ్చింది.

నిజం చెప్తున్నా, నాకు చాలా గర్వంగా ఉండె. పొద్దున్నే పోయి ముగ్గుపిండితో గుండ్రాలు గీసేదాన్ని, అడుగున్నర కర్రతో నాలుగు సార్లు కొలిచి మరీ. మొహానికి చున్నీ కట్టుకుని, కూర్చోకుండా నిలబడి రాసేదాన్ని. కూరగాయలు ముట్టుకోవద్దు, వేలు చూపిస్తే చాలు. పైసలు చేతికి ఇయ్యొద్దు, పళ్ళెంలో వేయండి. గుండ్రం దాటి రావద్దు. మా వాళ్ళకు సంత అంటే సరుకులు కొనడం ఒక్కటే కాదు. ఆడబిడ్డను చూడాలి, వియ్యపురాలితో మాట్లాడాలి, మిరపకాయ విరిచి వాసన చూడాలి. అవన్నీ నేనే ఆపాను. అందరూ విన్నారు. నాకంటే నలభై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా నేను చెయ్యి చూపిస్తే ఆగేవాళ్ళు.

రెండో వారం అనుకుంటా, సోమవారం. వాగు అవతల గుంపు నుంచి ఒక అవ్వ వచ్చింది. పక్కన ఆరేడేళ్ళ మనవడు. కొంగులో ఎండిన ఇప్పపువ్వు మూట. ఎండ అప్పటికే బాగా ఎక్కింది.

"ఒక్కరే రావాలి, పిల్లాడిని ఎందుకు తెచ్చినవ్?" అన్నాను.

ఇంటి కాడ ఎవరూ లేరన్నది. పిల్లాడిని దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టమన్నాను. కూర్చోబెట్టింది. ఆమె వంతు వచ్చినప్పుడు పుస్తకంలో చూశాను. ఆమె పేరు కొడుకు కార్డులో ఉంది. కోడలు పొద్దున్నే వచ్చి ఉల్లిగడ్డ, నూనె, ఉప్పు అన్నీ తీసుకుపోయింది. టిక్కు కూడా కొట్టి ఉంది.

"మీ ఇంటి వాటా అయిపోయింది" అన్నాను.

"మా పొయ్యి వేరు బిడ్డా" అన్నది.

"కార్డు ఒక్కటే ఉంది కదా. నేనేం చెయ్యాలి?"

"అర కిలో ఉప్పు చాలు. పువ్వు తీసుకోమను."

వ్యాపారి పువ్వు వద్దన్నాడు, కొనేవాళ్ళు లేరన్నాడు. నేను తర్వాతి పేరు పిలిచాను. ఆమె గొడవ పెట్టుకోలేదు. మూట మళ్ళీ కొంగులో కట్టుకుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని వచ్చిన దారినే పోయింది. లైన్లో ఇరవై మంది ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. పుస్తకం నా చేతిలో ఉంది కదా.

ఇంకో సంగతి ఉంది, ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆమె మొదటి నుంచి చివరి దాకా నాతో కోయలోనే మాట్లాడింది. నేను తెలుగులో జవాబు చెప్పాను. మా అమ్మతో, మా తాతతో నేను మాట్లాడేది కోయే. అక్కడ మాత్రం ఎందుకో తెలుగు వచ్చింది. పుస్తకం పట్టుకుంటే తెలుగులో మాట్లాడాలని నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం అమ్మతో చెప్పాను, రూల్ ఎంత గట్టిగా పాటిస్తున్నానో చూడు అన్నట్టు. అమ్మ బియ్యం చెరుగుతూ విన్నది. చేట పక్కన పెట్టి, "ఉప్పు ఎంత అడిగింది?" అన్నది.

"అర కిలో."

"మన ఇంట్లో ఉందా?"

"ఉంది."

అంతే. ఇంకేం అనలేదు. లేచి మోదుగాకుల్లో ఉప్పు పొట్లం కట్టింది. కొద్దిగా ఎండు మిరపకాయలు కూడా పెట్టింది. "పొద్దు పోకముందే ఇచ్చి రా. ఆమె ఏమన్నా ఇస్తే వద్దనకు, తీసుకో" అన్నది.

తమ్ముడిని తోడు తీసుకుని పోయాను. వాగులో నీళ్ళు మడమల దాకే ఉన్నాయి. అవతల వాళ్ళు కూడా బాటకు కంప వేసుకున్నారు. నేను ఇవతలే నిలబడి పిలిచాను, ఈసారి కోయలో. అవ్వ వచ్చింది. పొట్లం రాయి మీద పెట్టి వెనక్కి జరిగాను. ఆమె తీసుకుని విప్పి చూసింది. "నువ్వు ఆ పుస్తకం రాసే పిల్లవే కదా. బాగా రాస్తున్నవ్, నిలబడి అంత సేపు" అన్నది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నది. నాకు అదే ఎక్కువ అనిపించింది. లోపలికి పోయి ఒక గిన్నెడు ఇప్పపువ్వు తెచ్చి అదే రాయి మీద పోసింది. అమ్మ చెప్పింది కాబట్టి చున్నీలో పోసుకుని వచ్చాను. తప్పయిందని చెప్పాలనుకున్నా. చెప్పలేదు.

గురువారం నాడు నాయన, నేను పెద్దమనుషుల దగ్గరికి పోయాం. కార్డులు చూసి కాదు, పొయ్యిలు లెక్కపెట్టి రాద్దాం అని అడిగాను. రెండు రోజులు ఒక్కో గుంపుకు పోయి, కంప బయట నిలబడి, మీ ఊర్లో పొద్దున ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి అని అడిగాం. పుస్తకంలో 31 ఇండ్లు ఉండె, పొయ్యిలు 38 తేలాయి. వేరుపడిన కొడుకులు, కార్డులో పేరు లేని కొత్త కోడళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు. వ్యాన్ మాత్రం ఒకటే. వ్యాపారి ఇంకా ఎక్కువ తేలేనన్నాడు. దాంతో ఉల్లిగడ్డ రెండు కిలోల నుంచి కిలోన్నరకు తగ్గించాల్సి వచ్చింది. మా సొంత పెద్దమ్మే నా మీద కోపం చేసింది. "చదువుకున్నవని మా ఉల్లిగడ్డ కోస్తవా?" అని నెల రోజులు మాట్లాడలేదు. అందరికీ న్యాయం చేస్తే అందరూ మెచ్చుకుంటారని పుస్తకాల్లో ఉంటది. బయట అట్లా ఉండదు.

నూనె సంగతి ఇంకా వేరు. ఇంటికి ఒక్క ప్యాకెట్ కంటే ఎక్కువ ఇయ్యొద్దని పెట్టాం కదా. లీటరు ప్యాకెట్ ఒకేసారి కొనే పైసలు చాలా ఇండ్లలో లేనే లేవు. సంతలో అయితే సీసా తీసుకుపోయి ఇరవై రూపాయల నూనె పోయించుకునేవాళ్ళు. లిమిట్ అనేది ఎక్కువ కొనేవాళ్ళను ఆపడానికి. మా దగ్గర ఎక్కువ కొనేవాళ్ళు ఎవరున్నారు? అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ప్యాకెట్ తీసుకుని, ఊర్లోకి పోయి సోలతో కొలిచి పంచుకోవచ్చు అని రాసుకున్నాం. అప్పటి నుంచి నూనె అమ్ముడుపోయింది.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్తాను. ఒక్కరే రావాలి అన్న రూల్ తప్పు అని నేను అనడం లేదు. మా దగ్గర ఆసుపత్రి దూరం, బండ్లు తక్కువ, ఒక్కరికి వస్తే గుంపు మొత్తానికి వచ్చేది. గుండ్రాలు గీయడం మంచిదే, కూరగాయలు పిసక్కుండా ఉండడం మంచిదే, ముందే లెక్క అనుకుని వచ్చి తొందరగా పోవడం మంచిదే. ముసలివాళ్ళను ముందు పంపించడం, పక్కింటి వాళ్ళకు కూడా అడిగి తేవడం, వెనక ఇంకా ఎంతమంది ఉన్నారో చూసి తీసుకోవడం, ఇవి మా వాళ్ళకు నేను నేర్పినవి కాదు. నేను చెప్పకముందే వాళ్ళు చేస్తున్నారు. నా పుస్తకంలో వాటికి గడి లేదు, అంతే.

ఆ అవ్వ ఇప్పటికీ ఉంది. మొన్న పండక్కి పోయినప్పుడు వాగు కాడ కనిపించింది. ఆమెకు ఆ సంగతి గుర్తే లేదు. మనవడు ఆశ్రమ పాఠశాలలో ఉన్నాడని, సెలవులకు వచ్చినప్పుడు లెక్కలు చెప్పమని అడిగింది. సరే అన్నాను. ఈసారి కూడా తప్పయిందని చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఊరి పేరు రాయకపోవడానికి కారణం కూడా అదే. ఆమె పేరు మీద జాలి పోస్టు అవ్వకూడదు. తప్పు నాది.

ఈ గ్రూపులో చాలామంది గ్రూప్స్‌కి, టీచర్ పోస్టులకు, సెక్రటరీ ఉద్యోగాలకు చదువుతున్నారు. రేపు మీ చేతికి కూడా ఒక పుస్తకం వస్తది. పింఛన్‌దో, ఇండ్లదో, ఇంకో రోగం వస్తే సరుకులదో. పేరు కొట్టేసే ముందు ఒక్క మాట అడగండి, మీ పొయ్యి ఒకటేనా, వేరా అని. వాళ్ళ భాషలోనే అడగండి.

పెద్ద పోస్టు అయింది. రాతలో తప్పులుంటే సరిచేయండి. ఆ రోజుల్లో మీ ఊర్లో సరుకులు ఎట్లా పంచుకున్నారో, ఎవరైనా వెనక్కి పోయారో, మీరు కూడా రాయండి.