యాక్‌నా, యాంట్లర్‌నా?

పార్సర్ జనరేటర్ ఏది తీసుకోమంటారని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: చదవాల్సిన వాక్యం ఏదీ? ముందు అది చూపించండి, తర్వాత పేర్లు మాట్లాడుకుందాం.

పార్సర్ అంటే వాక్యాన్ని విడగొట్టి, ఏ మాట దేనికి చెందుతుందో తేల్చే ప్రోగ్రామ్. వ్యాకరణ సూత్రాలు రాసిస్తే దాన్ని తయారుచేసి పెట్టేది పార్సర్ జనరేటర్. మన వరంగల్ నిట్‌లోనే కాదు, ఎక్కడ కంపైలర్ ల్యాబ్ చేసినవాళ్లకైనా యాక్ పేరు తెలుసు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ దాన్ని 1970లలో రాశాడు. బైసన్ దాని వారసురాలు. పరిచయం ఉంది కదా అని ప్రాజెక్టులోనూ దాన్నే దించేస్తారు చాలామంది.

సరే, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకోండి. నియమాలు గుమస్తాయే తెలుగులో టైపు చేసుకోవాలి. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ లెక్క తెలిసిందే: తేమ 8 శాతం వరకు పూర్తి మద్దతు ధర, ఆపైన శాతానికి శాతం కోత, 12 దాటితే కొనరు. గుమస్తా ఇలా కొట్టాడు:

తేమ 8 దాటితే, తేమ 12 దాటితే కొనొద్దు, లేకపోతే పూర్తి ధర.

ఆ ‘లేకపోతే’ ఏ ‘దాటితే’కి జత? పన్నెండుకు జత చేస్తే 10 శాతం తేమ ఉన్న పత్తికి కోత లేకుండా పూర్తి ధర పోతుంది, 7 శాతంతో ఆరబెట్టి తెచ్చిన రైతుకు ఏ నియమమూ వర్తించదు. గుమస్తా ఉద్దేశం ఎనిమిదికి జత. యాక్ మాత్రం దగ్గరున్న పన్నెండుకే కడుతుంది. కాకపోతే కట్టే ముందు, ఇక్కడ రెండు దారులున్నాయంటూ ‘షిఫ్ట్ రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్’ అని ఒక హెచ్చరిక పడేస్తుంది. మనవాళ్లు దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు, అది వేరే కథ.

టెరెన్స్ పార్ రాసిన యాంట్లర్ అనే జనరేటర్ ఉంది; ఇప్పటి యాంట్లర్ అయితే, పార్సర్‌ను తయారుచేసేటప్పుడు ఈ ఊసే ఎత్తదు. పెగ్ అనే మరో వ్యాకరణ పద్ధతి సాధనాలైతే మొదటి దారి కుదిరిందంటే రెండోదాని మొహం చూడవు. అందుకే నా సలహా కాస్త వంకరగా ఉంటుంది: వ్యాకరణాన్ని ముందు బైసన్‌కు చూపించండి, హెచ్చరిక వస్తే భాషనే సరిచేయండి. ప్రతి షరతు చివరా ‘అంతే’ అని రాయమంటే తగువు తీరిపోతుంది. అసలు పని వేరే సాధనానికి అప్పగించండి.

ఎందుకంటే వాక్యాన్ని మాటలుగా విడదీయడానికి బైసన్‌కు తోడుగా వాడే ఫ్లెక్స్, అక్షరాలు కాక బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో ‘తే’ అంటే దానికి ఆరు బైట్లు. తెలుగు మాటలకు నమూనాలు బైట్ల లెక్కన రాసుకుంటూ కూర్చోవాలి. కొత్త యాంట్లర్‌కు యూనికోడ్ వచ్చు.

ఇక తప్పు దొర్లితే? బైసన్‌ను మామూలుగా వదిలేస్తే ‘సింటాక్స్ ఎర్రర్’ అని ఊరుకుంటుంది. గుమస్తా దాన్ని ఏం చేసుకుంటాడు? యాంట్లర్ వరుస, స్థానం చెప్పి, అక్కడ ఏం రావాలో కూడా చెబుతుంది. నియమాలు పది రకాలు దాటవంటే ఏ జనరేటరూ వద్దు, చేత్తో రాసేయండి. జీసీసీ కంపైలర్ వాళ్లే 2004లో సీప్లస్‌ప్లస్‌కు, తర్వాత సీకి బైసన్‌ను పక్కనపెట్టి పార్సర్లు చేత్తో రాసుకున్నారు. చేత్తో రాస్తే ‘12 తర్వాత దాటితే అని రాయడం మరిచారు’ అని తెలుగులోనే చెప్పించవచ్చు.