దోమకూ ఒక రోజు



ఈ మధ్య మా మనుమరాలు ప్రతి ఉదయం ఫోనులో ఆనాటి విశేషం చూసి నాకు వినిపిస్తోంది. మార్చి 30 ఇడ్లీ దినమట. అక్టోబరు 1 కాఫీ దినమట. మే నెల మొదటి ఆదివారం నవ్వుల దినమట. ఇక అభిమాన నటుల జన్మదినాలు, పాత చిత్రాలకు పాతికేళ్లు, యాభై ఏళ్లు నిండిన వేడుకలు సరేసరి. మొన్న, "తాతయ్యా, ఆగస్టు 20 దోమల దినమట!" అని పకపక నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కారణం మీతో చెప్పుకోవాలనిపించింది.

ఈ దినం పుట్టింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఇక్కడ ఒక అనాఫిలిస్ దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో గుర్తించాడు. హుసేన్ ఖాన్ అనే రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, ఆ దోమల చేత కుట్టించుకున్నాడు. చెడుగాలి వల్ల జ్వరం వస్తుందన్న పాత నమ్మకం అక్కడితో కూలిపోవడం మొదలైంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేటికీ ఉంది.

ఆ ఆవిష్కరణకు నూరేళ్లు నిండిన 1997లో నేను ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. ఆగస్టు 20న ఘనంగా ఊరేగింపు తీశాము. బడిపిల్లలు, బ్యానర్లు, నినాదాలు, చివర సభ. రాస్ సూక్ష్మదర్శిని గురించి నేను అరగంట ఉపన్యసించాను. మా ల్యాబ్ టెక్నీషియన్ బ్యానరు ఒక కొస పట్టుకొని నడిచాడు. మా సూక్ష్మదర్శిని మాత్రం ఆ రోజంతా గుడ్డ కప్పుకొని కూర్చుంది.

ఆ ఉదయమే ఒక గిరిజన రైతు జ్వరంతో ఉన్న ఎనిమిదేళ్ల కొడుకును తీసుకువచ్చాడు. రక్తపు పూత తీయించి, ఆనాటి పద్ధతి ప్రకారం క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చాను. సభ ముగిసేదాకా ఆ తండ్రి వరండాలోనే కూర్చున్నాడు. నేను బయటకు రాగానే, "రగతం సూసినారా బాబూ?" అని అడిగాడు. "రేపు చూస్తాము, వెళ్లిరా" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం ఆ పూతను పరీక్షిస్తే ఫాల్సిపారం మలేరియా. ఆ రకానికి క్లోరోక్విన్ చాలాచోట్ల లొంగదీయలేకపోతున్న కాలమది. కబురంది పిల్లవాణ్ణి డోలీలో మోసుకువచ్చేసరికి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పింది. క్వినైన్ ఎక్కించాను. ఆ రాత్రి దాటలేదు. ముందురోజే చూసివుంటే బతికేవాడని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ చూడలేదు. ఎవరూ నన్ను ప్రశ్నించలేదు. ఆ తండ్రి కూడా నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ నమస్కారాన్ని నేటికీ మరువలేదు.

నేను దినోత్సవాలకు వ్యతిరేకిని కాను. ఒక తేదీ ఉంటేనే పదిమంది ఒక విషయం తలచుకుంటారు. ఆగస్టు 22న చిరంజీవి గారి పుట్టినరోజుకు అభిమానులు రక్తదానం చేస్తారు. ఎంతో మంచి పని. అయితే దాత రక్తం నుంచి వేరుచేసిన ప్లేట్‌లెట్లు మామూలుగా అయిదు రోజులకు మించి నిలువ ఉండవు. డెంగ్యూ రోగుల్లో కొందరికి అవి సెప్టెంబరులోనూ, అక్టోబరులోనూ అవసరమవుతాయి. అప్పుడూ దాతలు కావాలి.

దోమ క్యాలెండరు వేరు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వానాకాలపు వేడిలో సుమారు ఏడు నుంచి పది రోజులు చాలు. ప్రతి వారం డ్రై డే పాటించమనడంలోని ఆంతర్యం ఇదే. కనుక వారానికొకసారి కూలరు, పూలకుండీ పళ్లెం, ఫ్రిజ్ వెనుక తొట్టి, మేడపైని పాత టైరు ఖాళీ చేయండి. నీళ్లు పారబోస్తే సరిపోదు. డెంగ్యూను మోసే ఎడిస్ దోమ గుడ్లు పాత్ర గోడకు అంటుకొని, నీరు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. తోమి ఆరబెట్టండి. ఎడిస్ పగలు కుడుతుంది, అనాఫిలిస్ రాత్రి కుడుతుంది. పగలు నిద్రపోయే పసిపిల్లలకూ దోమతెర కట్టండి.

జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. నేడు మలేరియా పరీక్ష కిట్టు ఇరవై నిమిషాలలో ఫలితం చెబుతుంది. "రేపు చూద్దాము" అని ఎవరైనా అంటే, నావంటి వైద్యుడే అన్నా సరే, దయచేసి వినకండి.

మా మనుమరాలికి ఇదంతా చెప్పాను. ఏమీ అనకుండా లేచి వెళ్లి, బాల్కనీలోని తులసికోట కింది పళ్లెం వంపి, తోమి, ఎండలో బోర్లించింది. ఆ రోజు ఆగస్టు 20 కాదు, మామూలు మంగళవారం.