మా ఇంటి జీపు

చాంద్రాయణగుట్ట వైపు మా వీధిలోకి వచ్చి మా తండ్రిగారి పేరు చెప్పి ఇల్లు అడిగితే దారి దొరకటం కష్టం. “జీపు ఇల్లు ఎక్కడ?” అంటే మాత్రం పాల పాకెట్లు వేసే కుర్రవాడు సైతం చేయి చాపి చూపిస్తాడు. ఆకుపచ్చ రంగు వెలిసి, ఎత్తయిన బానెట్టుతో, అతుకులు పడిన టార్పాలిను కప్పుకొని మా వాకిట నిలిచి ఉన్న ఆ బండి 1968 నాటి మహీంద్రా జీపు. వయస్సులో మా కంటె ఇరవై ఏండ్లు పెద్దది. అందుచేత చిన్నతనంలో దానిపై కాలు పెట్టి ఎక్కేటప్పుడు పెద్దవారిని తాకిన సంకోచం వంటిది మాలో ఉండేది.

తరగతిలో ఒకమారు ఒక విద్యార్థి “సార్, జీపునకు అచ్చతెలుగు మాట ఏమి?” అని అడిగాడు. మేము కొంతసేపు ఆలోచించి, చివరకు జీపే దానికి తెలుగని చెప్పి తప్పించుకొన్నాము. ఒక ఉకారం చేర్చి తెలుగు దానిని తనది చేసుకొన్నది. మన దక్కనీ “జీపాఁ” అని బహువచనం కట్టి తనది చేసుకొన్నది. అసలు ఆ మాట పుట్టుకయే వివాదాస్పదం. సైనిక పరిభాషలోని ‘జీ.పీ.’ అను రెండక్షరాల నుండి వచ్చినదని కొందరు, 1936లో పొపాయ్ చిత్రకథలో ప్రవేశించిన ఒక వింత జంతువు పేరని కొందరు చెబుతారు. ఎక్కడికైనా పోగల ఆ జంతువు పేరును సైనికులు ఎక్కడికైనా పోగల బండికి పెట్టుకొన్నారనుట మాకు ఎక్కువ ఇష్టం. ఇష్టమే గాని నిరూపణ కాదు.

బండి పుట్టుక మాత్రం స్పష్టంగానే ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైన పిదప అమెరికా సైన్యం గుర్రానికి బదులుగా ఒక తేలికపాటి మోటారు బండి కావాలని కోరింది. బాంటం అను చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు చేత నమూనా గీయించి, 1940 సెప్టెంబరు 23న మొదటి బండిని సైన్యానికి అప్పగించింది. కాని ఆ కంపెనీకి వేలకు వేలు తయారుచేయగల శక్తి లేదని తలచి ప్రభుత్వం పెద్ద ఉత్తర్వులను విల్లిస్, ఫోర్డ్ కంపెనీలకు ఇచ్చింది. యుద్ధం ముగిసేనాటికి ఆ రెండు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. తొలి ఆలోచన చేసినవానికి పేరు దక్కలేదు. యుద్ధానంతరం బ్రిటనులో మారిస్ విల్క్స్ అనునతడు తన పొలంలో వాడుకొన్న జీపును చూసే లాండ్ రోవరును సంకల్పించాడు. అది 1948లో లోకానికి వెల్లడైనది.

మన దేశపు కథలో హైదరాబాదుకు కొంత చుట్టరికమున్నది. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం ముహమ్మద్ కలిసి 1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారానికై ‘మహీంద్రా అండ్ ముహమ్మద్’ కంపెనీని స్థాపించారు. ఈ గులాం ముహమ్మద్ 1940 దశకంలో నిజాం ప్రభుత్వపు ఆర్థిక శాఖను నిర్వహించినవారే. దేశ విభజన జరిగింది; ఆయన పాకిస్తానుకు పోయి అక్కడ మొదటి ఆర్థిక మంత్రియై, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడి కంపెనీ 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’ అయినది. ఆంగ్లంలో పొడి అక్షరాలు మారలేదు. రెండవ ‘ఎం’ ఎవరిదన్నది మాత్రం మారింది. విల్లిస్ జీపులను ఇక్కడ కూర్చుట ఆ రోజులలోనే మొదలైనది. మా దాదా ఈ సంగతి చెప్పి, జీపు ముందు రేకుపై కంపెనీ పేరున్న చోటును వ్రేలితో తట్టి నవ్వేవారు. ఆ నవ్వులో ఏమున్నదో అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడైనా పూర్తిగా తెలిసినదని చెప్పలేము.

మా దాదా రెవెన్యూ శాఖలో గిర్దావరు. 1948 సెప్టెంబరులో ఆయనకు ఇరవై ఏండ్లు. పోలీసు చర్య ముగిసిన పిదప మొఘల్‌పురా వీధులలో మిలిటరీ జీపు చప్పుడు వినబడితే ఇంటింటా తలుపులు మూసుకొనేవని ఆయన చెప్పేవారు. అటు పిమ్మట అదే మనిషి ప్రభుత్వ జీపులో తహసీలుదారు వెనుక కూర్చొని ఇబ్రహీంపట్నం, మహేశ్వరం గ్రామాలకు పోయినప్పుడు అక్కడి రైతులు జీపు దుమ్ము చూసి చెట్ల చాటుకు పోవటం కళ్ళారా చూశారు. పన్ను బకాయికి వచ్చినదా, లెవీ ధాన్యానికి వచ్చినదా, కుటుంబ నియంత్రణకు వచ్చినదా అని వారి భయం. మన పల్లెలలో ఎంతో కాలం జీపు అంటే సర్కారు. ఎన్నికలప్పుడు మాత్రమే అది చేతులు జోడించి వచ్చేది.

ఇట్టి వాహనాన్ని తలుపు మూసిన ఇంటిలోని కుర్రవాడు తనకు కావాలని ఎందుకు కోరుకొన్నాడో! 1983లో ఉద్యోగ విరమణ చేసి, మరుసటి ఏడు ఒక ప్రభుత్వ కార్యాలయపు వేలంలో ఆయన ఈ బండిని కొన్నారు. దాదీ పది రోజులు ఆయనతో మాట్లాడలేదట. భవిష్యనిధి సొమ్ములో ఇంటికి పైకప్పు వేయవలసి ఉన్నది. అది జీపు కప్పుకు పోయింది. సాయంకాలం దాదా దానిని తోలుకొని చార్మినారు దాకా పోయి, లాడ్ బజారు మొగలో నిలిపి, ఒక ఇరానీ చాయ్ త్రాగి, ఏ పనీ లేకుండానే తిరిగి వచ్చేవారని మా తండ్రిగారు చెబుతారు. చౌమహల్లాలో ఇప్పుడు ప్రదర్శిస్తున్న 1912 నాటి నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిసును చూసినప్పుడెల్లా మాకు దాదాయే జ్ఞాపకం వస్తారు. ఆ కారు రోడ్డు మీదికి వచ్చిన దినాలు బహు స్వల్పం. మా జీపు నిలిచి ఉన్న దినాలు స్వల్పం.

ఎందుకంటే అది మా తండ్రిగారి చేతికి వచ్చింది. ఆయనకు షామియానాల దుకాణం ఉండేది. వెనుక సీట్లు పీకి దేగ్‌లు, గరిటెలు, మడత కుర్చీలు, తివాచీలు నింపేవారు. పెండ్లి బారాత్‌లో బార్కస్ నుండి వచ్చిన మర్ఫా వాద్యగాండ్రను మోసినది ఈ జీపే. బోనాలనాడు లాల్ దర్వాజా నుండి పొరుగువారు వచ్చి అడిగితే వారి డప్పులను మోసినది ఈ జీపే. కిరాయి అడగని రోజులే ఎక్కువని అమ్మీ సణుగుడు.

సొంతదారునకు జీపు చేసే సేవ కంటె సొంతదారు జీపుకు చేసే సేవయే అధికమని ఇక్కడ ఒప్పుకొనక తప్పదు. దాని కమాను పట్టీలు నడుమును గుర్తుంచుకొంటాయి. స్టీరింగు తిప్పిన కొంతసేపటికి గాని చక్రం ఆజ్ఞ వినదు. వేసవిలో గేరుపెట్టె వేడి కాళ్ళను కాలుస్తుంది. వానలో టార్పాలిను లోపలే వాన. పెట్రోలు ఇంజను గ్యాలన్లు త్రాగుతున్నదని 1990లో మా తండ్రిగారు మెటడోర్ వ్యానుకు వాడే డీజిలు ఇంజను పెట్టించారు. అప్పటి నుండి మాట్లాడవలసినవారు బండి ఆపి మాట్లాడేవారు. 2009లో ఉస్తాద్ సలహాపై మరొక పని చేశారు. జీపునకు నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు ఉన్నది కదా. ముందు ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టును విప్పించివేశారు. “ఈ పట్నంలో కొండలెక్కాలా? ఊరక తిరిగి క్రాసులు అరుగుతున్నవి, డీజిలు పోతున్నది” అని ఉస్తాద్ వాదం. అది న్యాయమైన వాదమే. గోషామహల్ మెకానిక్కులను అడిగితే అనేకమంది ఇదే చెబుతారు. విప్పిన షాఫ్టు దాదా ఇనుప పెట్టె క్రిందికి చేరింది. లోపల గేరు కడ్డీ మాత్రం అలాగే నిలిచింది. దానిని లాగవచ్చును, లాగితే ముందు చక్రాలకు ఏమీ చేరదు.

2020 అక్టోబరు 13న ఒక్క రోజులో నగరంలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన కురిసింది. ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మునిగింది. మేము కొంత తెరిపిన పడినామనుకొన్న నాలుగు రోజులకు, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగింది. నీళ్ళు హఫీజ్ బాబా నగర్ మీదికి వచ్చాయి. మా ఖాలా ఇల్లు అక్కడే.

మా తండ్రిగారికి అప్పటికి అరవై ఎనిమిదేండ్లు. ఫ్యాను నీళ్ళను చిమ్మకుండా బెల్టు కోసివేయించి, గాలి పీల్చే గొట్టాన్ని పైకి కట్టించి, ఆయనే స్టీరింగు పట్టారు. మేము టార్చి పట్టుకొని పక్కన కూర్చున్నాము. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వతో పని లేదు గనుక గాలి ఆడినంతసేపు నీళ్ళలో నడుస్తుందని ఆయన ధైర్యం. మొదటిసారి ఖాలా కుటుంబాన్ని తెచ్చాము. రెండవసారి ఇద్దరు బాలింతలను, ఒక పక్షవాతపు వృద్ధుని తెచ్చాము. ఖాలా పొరుగింట ఒంటరిగా ఉండే ఒక ముసలామె గడప దగ్గర నిలిచి ఉన్నది. నీళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వచ్చాయి. బండిలో చోటు లేదు. “నానీ, మెట్లెక్కి కూర్చోండి, పది నిమిషాలలో వస్తాము” అని చెప్పినది మేమే. ఆమె “జీ బేటా” అన్నది.

మూడవసారి ఆమె సందు మలుపులో బురద మేట వేసి ఉన్నది. వెనుక కుడి చక్రం కాలువ అంచు జారి దిగింది. వెనుక చక్రాలు ఎంత తిరిగితే అంత లోతుకు దిగాయి. ముందు చక్రాలు రెండూ గట్టి షాబాదు బండల మీద ఉన్నాయి. వాటికి శక్తి అందితే బండి తనను తాను పైకి లాగుకొనేది. మా తండ్రిగారి చేయి అలవాటుగా ఆ రెండవ కడ్డీ మీదికి పోయింది. లాగారు. మరల లాగారు. పిదప చేయి దాని మీదనే ఉంచి అట్లే కూర్చున్నారు. నీళ్ళు సీటు అంచుకు వచ్చిన తరువాత మేము ఆయనను భుజం పట్టి దించవలసి వచ్చింది.

ముసలామె ఆ రాత్రంతా చీకటిలో మెట్ల మీద కూర్చున్నది. తెల్లవారాక పడవ వచ్చి ఆమెను తెచ్చింది. ప్రాణానికి భయం లేకపోయింది గాని మూడు వారాలు జ్వరంతో మంచం పట్టినది. మేము చూడబోతే నిష్ఠురమాడలేదు. జీపు మాత్రం ఏమి చేస్తుందని మమ్మల్నే ఓదార్చింది. మా తండ్రిగారు ఆ మాటకు తల ఎత్తలేదు. మాకు నిద్ర పట్టని రాత్రులలో వినిపించేది ఆమె దగ్గు కాదు, “జీ బేటా” అన్న ఆ రెండు మాటలే. పది నిమిషాలని ఎందుకు చెప్పాము? ఏమీ చెప్పక ఉంటే ఆమె పక్క మేడపైకి పోయి ఉండేదేమో.

నీళ్ళు తీసిన తరువాత ఇంజను విప్పించటానికి దుకాణంలోని రాగి దేగ్‌లు రెండు అమ్మవలసి వచ్చింది. ఉస్తాద్ లెక్క చెబుతుండగా మా తండ్రిగారు ఇంటికి పోయి, దాదా ఇనుప పెట్టె క్రింద నుండి ఆ షాఫ్టును పాత దుప్పటిలో చుట్టి, ఆటోలో తానే తెచ్చి ఆయన ముందు పెట్టారు. “ఇది బిగించు” అన్నారు, అంతే. ఉస్తాద్ ఏమీ అడగలేదు. కొత్త క్రాసులు వేసి బిగించి, ఆ పనికి మాత్రం మజూరీ పుచ్చుకొనలేదు.

మా తమ్ముడు బండిని అమ్మివేయమంటాడు. అతని మాటలో తప్పు లేదు. పదిహేనేండ్లు దాటిన బండికి అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, హరిత పన్ను కట్టాలి, వీధిలో నిలుపుటకు చోటు లేదు. పాత బండ్లపై మోజు గల ఒకరు జూబ్లీహిల్స్ నుండి రెండుసార్లు వచ్చి చూసి పోయారు. పెట్రోలు ఇంజను తిరిగి పెట్టించి, మిలిటరీ రంగు వేసి, బానెట్టు మీద తెల్ల నక్షత్రం దిద్దించి, ఆదివారాలు వికారాబాదు కొండలకు తీసుకుపోతారట. మంచి ధరయే చెప్పారు. ఆ సొమ్ముతో మా చెల్లెలి పెండ్లి అప్పు చాలావరకు తీరుతుంది. నక్షత్రం మాట విని మా తండ్రిగారు ఒక్క ప్రశ్న అడిగారు: “నలుగు చక్రాలూ తిరిగేటట్లు ఉంచుతారా?” ఆ పెద్దమనిషి నవ్వి, తప్పక ఉంచుతామన్నారు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం నమాజు తరువాత మా తండ్రిగారు, డెబ్బయి దాటిన మనిషి, జీపును ఖాలీ స్థలంలోని మట్టి మీదికి తోలుకుపోయి, రెండవ కడ్డీ లాగి, పది గజాలు ముందుకు, పది గజాలు వెనుకకు నడిపిస్తారు. ముందు చక్రాలు మట్టిని చిమ్ముతున్నవో లేదో మేము క్రింద నిలిచి చూసి చెప్పాలి. “తిరుగుతున్నాయి, అబ్బా” అని చెప్పిన తరువాతనే ఇంటికి భోజనానికి వస్తారు.

పోయిన వారం కొనే ఆయన మరల ఫోను చేశారు. వానాకాలం వెళ్ళిన తరువాత రమ్మని చెప్పాము.