దెయ్యం లేని దెయ్యం సినిమా

ఇంట్లో అందరూ పడుకున్నాక ‘హౌస్ ఆఫ్ అషర్’ మళ్లీ చూశా. ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన కథని రోజర్ కార్మన్ 1960లో సినిమాగా తీశాడు. షూటింగ్ 15 రోజులే!

ఇందులో దెయ్యం లేదు. ‘మరి భూతమేదయ్యా?’ అని డబ్బు పెట్టేవాళ్లు అడిగితే, ‘ఇల్లే భూతం’ అన్నాడట కార్మన్. మొదట్లో కనిపించే మాడిపోయిన అడవి సెట్టింగు కాదు, హాలీవుడ్ కొండల్లో నిజంగానే తగలబడిన చోటు.

ఆ ఇంటి యజమానిగా నటించిన విన్సెంట్ ప్రైస్ తెల్లజుట్టుతో, మీసం తీసేసి ఉంటాడు. చిన్న చప్పుడు కూడా భరించలేడు. అందుకే వచ్చిన అతిథిని బూట్లు విప్పమంటారు. మనకది మామూలే కాబట్టి నవ్వొచ్చింది. కానీ శవపేటికలో, చనిపోయిందనుకున్న చెల్లెలి వేళ్లు కదలడం చూసి అతను గబుక్కున మూత వేసేస్తాడే, అక్కడ నవ్వు ఆగిపోయింది. అరుపుల్లేవు, నెత్తురు లేదు. మూత పడిందంతే.

ఆ ఇంటి గోడకి పేద్ద పగులు. సినిమా అయ్యాక లైటేసి చూస్తే మా హాల్లోనూ ఒకటుంది, కిటికీ మూల నుంచి శ్లాబు దాకా. నిన్నటిదాకా ఇంత పొడుగు లేదనుకుంటా.

పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేయాలి.